అలసట లేని వాహనం

నంద్యాల నుంచి మహానందికి వెళ్ళే దారిలో అరటితోటలు మొదలై, నల్లమల కొండలు దగ్గరపడుతున్న కొద్దీ పూలదండలు వేసుకున్న బండ్లు ఎదురవుతుంటాయి. కొత్త ట్రాక్టరు, కొత్త బొలెరో పికప్, ఒక్కోసారి సెకండ్‌హ్యాండులో కొన్న టాటా ఏస్. గుడి దగ్గర నిలిపి, పసుపు కుంకుమలు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచి, గుమ్మడికాయ కొట్టి, హారతి ఇప్పించి ఇంటికి తోలుకుపోతారు. ఎద్దును వాహనం చేసుకున్న దేవుడి దగ్గరికి, ఎద్దును కొట్టం నుంచి పంపించేసిన వాహనాన్ని తెచ్చి దీవించమని అడుగుతున్నారన్నమాట. ఆ భక్తిలో లోపమేమీ లేదు. లక్షల అప్పు తలకెత్తుకున్న మనిషి దేవుడి ముందు నిలబడడం కన్నా సహజమైంది మరొకటి లేదు. కానీ ఆ దండ వెనక ఒక ప్రశ్న మిగిలిపోతోంది. పొలం పనికి వాహనాన్ని ఎంచుకోవడంలో ధర్మానికి చోటుందా, లేక అది వట్టి కిస్తీల లెక్కేనా?

ముందు లెక్కనే చూడాలి. మహానంది మండలంలో గాజులపల్లె, తిమ్మాపురం, బుక్కాపురం చుట్టుపక్కల అరటి ఉంది, కాలువల కింద వరి ఉంది, కుందూ నది వైపు దిగే కొద్దీ నల్లరేగడిలో శనగ, జొన్న, పత్తి ఉన్నాయి. వీటన్నిటికీ సరిపోయే వాహనం ఒక్కటి లేదు. అరటిలో చెట్టుకూ చెట్టుకూ మధ్య ఆరడుగుల ఎడం ఉంటుంది. పెద్ద ట్రాక్టరు అందులో దూరదు. 15 నుంచి 27 హార్స్‌పవర్ దాకా ఉండే మినీ ట్రాక్టరో, పవర్ టిల్లరో కావాలి. గెలలు కొట్టాక అవసరం మారిపోతుంది. కుదుపుకు కాయ నలిగితే మచ్చపడుతుంది, మచ్చపడితే ధర పోతుంది, అందుకే పికప్ తొట్టిలో ఎండాకులు పరిచి గెలలు పేరుస్తారు. వరిమడిలో కేజీవీల్స్ కట్టి దమ్ము చేయాలంటే 45, 50 హార్స్‌పవర్ లేనిదే లాగదంటారు. నల్లరేగడి సంగతి వేరు. వాన పడ్డ మర్నాడే దిగితే చక్రం కూరుకుపోతుంది, నాలుగు రోజులు ఏమరితే నేల బిగిసి గడ్డలు లేస్తుంది. ఆ రెండింటి నడుమ ఉన్న పదునులోనే గొర్రు తోలాలి.

ఇన్ని పనులకు ఇన్ని బండ్లు కొనలేడు కాబట్టి రైతు ఒక్కటే కొంటాడు, అదీ పెద్దదే కొంటాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ధర కొంత దిగింది. అయినా అన్ని హంగులతో కలిపితే అది చిన్న కమతం మోయగల బరువు కాదు. ఆరెకరాల సొంత సేద్యంలో యాభై హార్స్‌పవర్ ట్రాక్టరుకు ఏడాది మొత్తం మీద ఉండే పని కొద్ది వారాలే. మిగిలిన రోజులు అది కొట్టంలో నిలబడి ఉన్నా కిస్తీ ఆగదు. అందుకే బాడుగకు తోలాలి. పక్క ఊళ్ళో దమ్ము, ఇంకో ఊళ్ళో రోటవేటరు, పని లేనప్పుడు ట్రాలీ తగిలించి ఇటుకలు, ఎరువు మూటలు, పెళ్ళివాళ్ళు, కూలీలు. పొలం కోసం కొన్న బండి, అప్పు తీరేదాకా పొలాన్ని వదిలి తిరుగుతుంది.

పరువు సంగతి కూడా చెప్పుకోవాలి. రాయలసీమ పల్లెలో ఇంటిముందు నిలబడిన బండి ఇంటి మాటకు బరువిస్తుంది. ఇది ఇక్కడి జబ్బు మాత్రమే కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటన్‌లో మారిస్ విల్క్స్ అనే ఇంజనీరు ఆంగ్లెసీ దీవిలోని తన పొలం పనులకు యుద్ధకాలపు విల్లీస్ జీపు వాడేవాడు. దాని స్థానంలో ఏది కొనాలన్న ఆలోచన లోంచే 1948లో ల్యాండ్ రోవర్ పుట్టింది. బురదలో దిగడానికి, దున్నడానికి, యంత్రాలు తిప్పడానికి చేసిన బండి. దాని వారసులు ఈనాడు మహానగరాల్లో హోటళ్ళ ముందు ఆగుతున్నాయి. పనికోసం పుట్టిన వాహనం పరువుకు మళ్ళడానికి ఒకటి రెండు తరాలు చాలు.

ఇప్పుడు గుడి వైపు తిరగాలి. మహానంది స్థలపురాణం ఒక ఆవు కథ. ఈ సీమను నందుడనే రాజు ఏలేవాడనీ, ఆయన మందలోని ఆవు ఒకటి రోజూ అడవిలో ఒక పుట్ట మీద పాలధార వదిలి వచ్చేదనీ చెబుతారు. పాలు తగ్గాయని కాపరి వెంటపడి చూశాడు, రాజుకు చెప్పాడు, రాజు స్వయంగా చూడవచ్చాడు. ఆ అలికిడికి బెదిరిన ఆవు పుట్టను తొక్కి పరుగెత్తింది. గిట్ట ముద్ర పుట్టలోని లింగం మీద పడింది. మహానందీశ్వర లింగం నిటారుగా కాక అణగినట్టుండడానికి, దాని మీద ఉన్న గుర్తుకు భక్తులు చెప్పుకునే కారణం ఇదే. చాళుక్యుల కాలపు శిల్పరీతి ఉన్న ఈ ఆలయం చుట్టూ నవనందులున్నాయి. నంద్యాలలో ప్రథమనంది, నాగనంది, సోమనంది మొదలుకొని మహానంది దాకా తొమ్మిదింటినీ ఒక్క రోజులో దర్శించడం ఇక్కడి ఆనవాయితీ. కోనేటిలోకి ఏడాది పొడవునా ఊరే నీరు బయటికి పారి పొలాలను తడుపుతుంది. అంటే ఈ దేవుడు పశువు పాదం శిరస్సున మోసేవాడు, సేద్యానికి నీళ్ళిచ్చేవాడు. పశువు తొక్కిన గుర్తును అపచారంగా చెరిపెయ్యకుండా దాన్నే పూజకు గుర్తుగా నిలుపుకున్న సంప్రదాయం ఇది. ఇలాంటి చోట, మనిషికి సేవచేసే జీవి పట్ల మనిషి బాధ్యత ఏమిటన్న ప్రశ్న కొత్తగా ఎవరో తెచ్చిపెట్టింది కాదు.

ఆ బాధ్యతకు ధర్మశాస్త్రం గట్టి లెక్కలే వేసింది. పద్నాలుగో శతాబ్దిలో విజయనగర కాలపు పండితుడు మాధవాచార్యుడు వ్యాఖ్యానం రాసిన పరాశర స్మృతిలో సేద్యం గురించి ఒక భాగం ఉంది. నాగలికి ఎనిమిది ఎద్దులుండడం ధర్మమనీ, ఆరుంటే బతుకుతెరువనీ, నాలుగే ఉంటే దయలేనితనమనీ, రెండిటితోనే దున్నించడం ఎద్దును చంపడంతో సమానమనీ అది తేల్చింది. ఎనిమిదినీ ఒక్కసారి కట్టమని కాదు, వంతులవారీగా విశ్రాంతి దొరకాలని పెద్దలు చెప్పే అర్థం. ఆకలితో, దప్పికతో, అలసటతో ఉన్న ఎద్దును కాడికి కట్టకూడదు. జబ్బుపడ్డదాన్ని కట్టకూడదు. సగం పగలే దున్నించాలి, ఆ తర్వాత స్నానం. ఇంతచేసినా సేద్యంలో పాపం పూర్తిగా తప్పదని కూడా ఆ స్మృతి ఒప్పుకుంటుంది: నాగలి కర్రు కింద నలిగే ప్రాణులెన్నో. దానికి పరిహారం కళ్ళంలోనే చెప్పింది. పండినదాంట్లో భాగాలు తీసి ఇవ్వాలి, దాని పేరు ఖలయజ్ఞం.

ఎనిమిది ఎద్దులు ఏ కాలంలోనూ బీదరైతుకు లేవు. కరువుసీమలో ఒక్క ఎద్దున్న ఇద్దరు జతకలిసి కాడి కట్టుకున్న రోజులున్నాయి. కాబట్టి స్మృతి చెప్పింది ఎవరు పాటించారని కాదు, ఏ వైపు నుంచి ఆలోచించిందన్నదే ఇక్కడ ముఖ్యం. వాహనం ఎంత పని చేయగలదని అది అడగలేదు. దాన్ని ఎంత పని అడగవచ్చునని అడిగింది.

ఆశ్చర్యమేమిటంటే స్వతంత్ర భారతం చేసిన చట్టం కూడా అదే దారిన వెళ్ళింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో బండ్లు లాగే, బరువులు మోసే పశువుల కోసం నియమాలు వచ్చాయి. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా ఏకబిగిన అయిదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీల సెల్సియస్ దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదు. ములుగోల వాడకూడదు. నంద్యాల ఎండలు తెలిసినవాళ్ళకు ఈ మూడోదాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ట్రాక్టరు దగ్గరికి వద్దాం. దానికి ఆకలి లేదు, దప్పిక లేదు, మధ్యాహ్నపు ఎండ లేదు. డీజిలు పోస్తే రాత్రి రెండింటికీ దున్నుతుంది. ధర్మశాస్త్రం, చట్టం రెండూ ఆ బండి ముందు మౌనంగా ఉంటాయి, ఎందుకంటే అవి రెండూ నొప్పి తెలిసిన ప్రాణి కోసం రాసినవి. ప్రాణం లేని వాహనానికి మనిషి ఏమీ బాకీ లేడు కదా అని ఎవరైనా అంటే, తర్కం దృష్ట్యా కాదనలేం. అయితే ఒక సంగతి మరుగున పడుతోంది. ఎద్దు అలిసి నిలబడినప్పుడు విశ్రాంతి దొరికింది ఎద్దుకొక్కదానికే కాదు. మడక పట్టిన మనిషికి దొరికింది. నేలకు దొరికింది. ఆ రోజుకు ఇంతే అన్న హద్దు ఇంటిల్లిపాదికీ దొరికింది. ఎద్దు అలసట పొలం చుట్టూ ఎవరూ నాటని కంచె. ఆ ప్రాణి పోయాక దానికి మనం బాకీపడ్డ దయ మాసిపోలేదు. ఆ కంచె లోపల ఇన్నాళ్ళూ భద్రంగా ఉన్నవాళ్ళ వైపు ఆ బాకీ మళ్ళింది. పొలానికి వాహనం ఎంచుకునేవాడి ముందున్న ధర్మప్రశ్న ఇదే.

మొదటి బాకీ నేలకు. కాడెద్దుల జత బరువు టన్నుకు అటూ ఇటూ. 45 హార్స్‌పవర్ ట్రాక్టరు ఒక్కటే రెండు టన్నుల దాకా తూగుతుంది, వెనక రోటవేటరు బరువు అదనం. రోటవేటరు పైన నాలుగైదు అంగుళాలను పిండిలా చేస్తుంది. చూపుకు పొలం అందంగా ఉంటుంది, కింద మాత్రం ఏటేటా ఒక గట్టి పొర కడుతుంది. వేరు దిగదు, వాననీరు ఇంకదు. నల్లరేగడిలో తడి మీద దిగిన బండి చేసే చేటు ఇంకా ఎక్కువ. అందుకే అప్పుడప్పుడూ సబ్‌సాయిలర్‌తో లోతున పగలగొట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే ఒక బరువైన యంత్రం చేసిన గాయానికి ఇంకో బరువైన యంత్రం. ఏ హార్స్‌పవర్ కావాలని అడిగే ముందు, ఈ నేల ఎంత బరువు మోస్తుందని అడిగితే చాలా ఇళ్ళలో కొనే బండి మారిపోతుంది.

రెండోది డ్రైవరుకు. ఎద్దుకు తొమ్మిది గంటల నియమం ఉంది. దమ్ము రోజుల్లో బాడుగ ట్రాక్టరు మీద కూర్చున్న కుర్రవాడు ఎన్ని గంటలు నడిపాడో అడిగేవారు లేరు. పగలొకరి మడి, రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో మరొకరి మడి. గట్టు మీద బండి తిరగబడే ప్రమాదాలు ఇలాంటి అలసటలోనే పొంచి ఉంటాయి.

మూడోది కూలికి పోయే ఆడవాళ్ళకు. వస్తువుల కోసం చేసిన ట్రాలీలో మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధం. అయినా తెల్లవారుజామున ఏ రోడ్డు మీద చూసినా అదే దృశ్యం. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర ట్రాలీ మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది పోయారు, అందులో దాదాపు అందరూ మహిళలే. ఎద్దులబండి మీద వెళ్ళివుంటే ఆలస్యంగా చేరేవాళ్ళు. అంతే తేడా, కానీ ఆ తేడా ప్రాణాలంత. బండి కొనేటప్పుడు ట్రాలీలో ఎన్ని బస్తాలు పడతాయో కొలిచే మనిషి, పనికి వచ్చే మనుషులు దేనిమీద వస్తారో కూడా ఆ లెక్కలోనే వేయాలి. ఇది దయాదాక్షిణ్యాల మాట కాదు, కొనుగోలులో భాగం.

ఇంతమాత్రాన ఎద్దుల కాలాన్ని స్వర్గంగా చూపించడం అబద్ధమవుతుంది. మూపు మీద కాడి ఒరుసుకుని పుండ్లు పడడం, ముక్కుతాడు, విత్తులు కొట్టించడం, ములుగోల పోటు, ముసలైతే సంత. బెంగళూరు ఐఐఎం డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి దశాబ్దాల పాటు చెప్పింది ఇదే: దేశం ఎద్దుల మీద ఇంతగా ఆధారపడి ఉన్నా వేల ఏళ్ళనాటి కాడినీ బండినీ బాగుచేయాలన్న ధ్యాస ఎవరికీ లేదని. గాంధేయ ఆర్థికవేత్త జె.సి. కుమారప్ప ఎద్దు వైపే నిలిచారు. నేల నుంచి తీసుకున్నది నేలకు తిరిగిచ్చే చక్రంలో పేడ వేసే పశువుకు ఉన్న చోటు యంత్రానికి లేదన్నది ఆయన ఆలోచనల్లోని సారం. ఇద్దరి మాటా నిజమే. ఎద్దు నేలకు మేలుచేసింది, మనం ఎద్దుకు మేలు చేయలేదు.

యంత్రంలోని దయ కూడా చూడాలి. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఎన్‌బీఈజీ 47 అనే శనగ రకాన్ని తయారుచేసింది, ధీర అని పేరు. మామూలు శనగ మొక్క పొట్టిగా ఉంటుంది, కాయలు నేలకు దగ్గరగా కాస్తాయి, కంబైన్ హార్వెస్టర్ కత్తికి అందవు. ఇది నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది. యంత్రం కోసం మొక్క తీరునే మార్చారని బాధపడవచ్చు. కానీ శనగాకు మీద పులుసు ఊరుతుంది, చేత్తో పీకే ఆడవాళ్ళ వేళ్ళు మండిపోతాయి. ఆ మంట తప్పింది. దాంతోపాటు ఆ కూలిరోజులూ తప్పాయి. ఒకే యంత్రం ఒకే చేతికి ఉపశమనమూ తెచ్చింది, పని లేకుండానూ చేసింది. దీన్ని పుణ్యమనో పాపమనో ఒక్కమాటలో తేల్చేవాళ్ళను నమ్మకపోవడమే మంచిది.

అన్నిటికన్నా కష్టమైన చిక్కు ఎద్దుకే వచ్చిపడింది. పని నుంచి విముక్తి దొరికింది, దాంతో ఉండే హక్కు పోయింది. కోడెదూడ పుడితే ఏం చేయాలో తెలియని ఇళ్ళు ఇప్పుడు ఎక్కువ. 1958లో హనీఫ్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు పనికిరాని ఎద్దుల వధను పూర్తిగా నిషేధించడం కుదరదంది. 2005లో గుజరాత్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఆ నిషేధాన్ని సమర్థించింది. కారణం? ముసలి ఎద్దూ పేడ, మూత్రం ఇస్తుంది, కాబట్టి పనికిరాకపోవడమంటూ లేదని. రెండు తీర్పులూ దూరదూరంగా నిలబడ్డాయి గానీ రెండిటి కిందా ఉన్నది ఉపయోగమనే కొలతే. ఇక మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లాదిగా పెరుగుతోంది, మాంసం కోసం. ఇక్కడ బండలాగుడు పోటీల్లో దండలు వేయించుకునే జత మాత్రం పొలం పని చేయదు. జీడిపప్పు తిని, ఏడాదికి కొన్ని నిమిషాలు బండ లాగుతుంది. పశువును ఉపయోగంతో కొలిచినంతకాలం దాని బతుకు మన అవసరం చివరనే వేలాడుతుంది. మహానందిలో లింగం మీద గిట్ట వేసిన ఆవు ఆ క్షణాన ఎవరికీ ఉపయోగపడలేదు, బెదిరి పారిపోయింది. అయినా ఆ గుర్తుకే మొక్కుతున్నారు.

బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ పశువులను కాచిన పోతులూరి వీరబ్రహ్మం, ఎద్దులు లేని బండ్లు వస్తాయని ముందే చెప్పారని ఈ సీమలో చెప్పుకుంటారు. యాగంటి గుడిలోని రాతి బసవన్న పెరుగుతున్నాడనీ, ఒకనాటికి లేచి రంకె వేస్తాడనీ కూడా ఆయన చెప్పారని నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని కొలవడం అనవసరం. పశువుల కాపరి నోట వెలువడిన భవిష్యత్తులో ఎద్దుకు ఆఖరిమాట దక్కిందన్నది గమనిస్తే చాలు.

భాగవతంలో ఎద్దు మాట్లాడే ఘట్టం ఒకటుంది. పరీక్షిత్తు దిగ్విజయయాత్రలో ఒంటికాలి మీద నిలబడ్డ ఎద్దునూ, పక్కన ఏడుస్తున్న ఆవునూ చూస్తాడు. ఎద్దు ధర్మదేవత, ఆవు భూమి. రాజవేషంలో ఉన్న కలి వాటిని కొడుతుంటాడు. నీ కాళ్ళు విరగ్గొట్టింది ఎవరని రాజు అడుగుతాడు. కొట్టేవాడు కళ్ళెదుటే ఉన్నా ఎద్దు పేరు చెప్పదు. దీనికి మూలం ఎవరికి వారేనని కొందరు, విధి అని కొందరు, కర్మ అని కొందరు, స్వభావమని కొందరు అంటారు, నువ్వే ఆలోచించుకో అంటుంది. ఈ జవాబు విని పరీక్షిత్తు అది ధర్మమేనని గుర్తుపడతాడు. మన కొట్టాలు ఎలా ఖాళీ అయ్యాయని అడిగినా అంతే. మేత భూములు పోయాయి, ఎద్దులను చూసే జీతగాడు దొరకడు, పిల్లలు చదువులకు పోయారు, అప్పు ఇచ్చేవాడు ట్రాక్టరుకే ఇస్తాడు, వాన అదను కురచైపోయి రెండు రోజుల్లో విత్తనం పడాలి. ట్రాక్టరు కొన్న రైతును వేలెత్తి చూపడం తేలిక. ఆ ఎద్దు చూపలేదు.

నింద పక్కనపెడితే, నిర్ణయం ఎలా చేయాలన్నది మిగులుతుంది. దీన్ని మతపరమైన ప్రశ్నగా తీసుకుని, నలుగురూ కూర్చుని తేల్చుకున్నవాళ్ళు అమెరికాలో ఉన్నారు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతపు అమిష్ రైతులు ట్రాక్టరును కొట్టం దగ్గర యంత్రాలు తిప్పడానికి ఒప్పుకున్నారు, పొలంలోకి మాత్రం గుర్రాలూ కంచరగాడిదలే వెళ్ళాలన్నారు. వాళ్ళ పొరుగున ఉండే గ్రాఫ్‌డేల్ సమాఖ్యకు చెందిన మెనొనైట్లు పొలంలో ట్రాక్టరును అనుమతించారు, ఒక షరతు మీద: చక్రాలు ఇనుపవై ఉండాలి. రబ్బరు టైరు వేస్తే అది ఊరు దాటి రోడ్డెక్కుతుంది, కారులా మారుతుంది, మనుషులు చెదిరిపోతారని వాళ్ళ భయం. మన దగ్గర దమ్ముకు కట్టిన ఇనుప కేజీవీల్స్‌తోనే తారురోడ్డెక్కి రోడ్డును చీల్చేస్తే అధికారులు జరిమానా వేస్తారు. అక్కడ ఇనుపచక్రం బండిని పొలానికి కట్టేసే మొక్కు, ఇక్కడ రోడ్డుకు తగిలే దెబ్బ. వాళ్ళ కట్టుబాట్లను మనం దిగుమతి చేసుకోనక్కరలేదు. వాటిలో ఊపిరాడని బిగింపూ ఉంది. కానీ బండి కొనడానికి ముందు, ఇది మనల్ని ఎలాంటివాళ్ళుగా చేస్తుందని ఊరంతా అడగడం ఉంది చూశారా, అది మన రచ్చబండకు రావలసిన మాట.

అలాంటి మాట ఈ సీమకు కొత్త కాదనడానికి ఆళ్ళగడ్డ పక్కనే రుజువుంది. కనుమనాడు మొదలయ్యే అహోబిలం పారువేటలో ఎగువ అహోబిలం జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో బయల్దేరి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతారు. చెంచులక్ష్మితో తన పెళ్ళికి ఊళ్ళన్నిటినీ పిలవడానికి స్వామి వస్తాడని జనం నమ్మకం. పల్లకి బోయీల భుజాల మీదే వెళ్తుంది. ఒక వ్యానులో పెడితే ఆ ఊళ్ళన్నీ రెండు రోజుల్లో అయిపోతాయి. ఎవరూ పెట్టలేదు. స్వామిని చేరవేయడం ఒక్కటే పని అయితే వ్యానే సరైన వాహనం. భుజాలు మార్చుకుంటూ, ఊరి పొలిమేరలో ఎదురుకోలు కోసం ఆగుతూ, తెలుపు అనే అరుగు మీద దించుతూ వెళ్ళడమే ఆ ఉత్సవం కాబట్టి పల్లకి ఉంది. ఎక్కడ వేగం కావాలో, ఎక్కడ అక్కర్లేదో ఈ పల్లెలు వివేకంతో విడదీసుకున్నాయి. ఈ పల్లెల రైతులే అదే కనుమనాడు ట్రాక్టరును కడిగి దండ వేస్తారు, పల్లకి వస్తే ఎదురేగుతారు. వీళ్ళకు ఇందులో వైరుధ్యం కనిపించదు, నిజానికి వైరుధ్యం లేదు కూడా.

అందుకే వాహనపూజను మూఢత్వమని కొట్టిపారేయడం సరికాదు, అది సరిపోతుందని అనుకోవడమూ సరికాదు. నిమ్మకాయ తొక్కించిన బండి ఆ సాయంత్రమే ముప్పైమందిని ట్రాలీలో కుక్కుకుని వెళ్తే పూజ గుడి దగ్గరే ఉండిపోయినట్టు. పరాశరుడి పద్ధతిలో ఆలోచిస్తే పూజకు ఇంకొంచెం ఒళ్ళొంచాలి. తడి నేల మీద దిగననే నియమం పెట్టుకోవచ్చు. డ్రైవరుకు చీకటిపడ్డాక సెలవు ఇవ్వవచ్చు. కూలీలకు సీట్లున్న ఆటోకు డబ్బు కట్టవచ్చు. ఒకప్పుడు కళ్ళంలో వడ్రంగికీ కమ్మరికీ మేర కొలిచినట్టు, యంత్రం మిగిల్చిన దాంట్లోంచి యంత్రం వల్ల పని పోయినవాళ్ళకు ఒక వాటా ఉండవచ్చు. ఇవి ఒక్కొక్కటీ ఖర్చుతో కూడినవే. ఎనిమిది ఎద్దుల లెక్క కూడా ఖర్చుతో కూడిందే.

చిన్న కమతానికి అసలు సొంత బండి అవసరమా అన్నది ఇంకా ముందు అడగాల్సింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలైన యంత్రసేవ పథకంలో రైతులు బృందంగా ఏర్పడి ట్రాక్టరు, పనిముట్లు తీసుకునే వీలు కలిగింది: 40 శాతం రాయితీ, 50 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం రైతుల వాటా. పేరేదైనా, ప్రభుత్వం ఏదైనా, ఆ ఆలోచన మంచిది. అప్పు అయిదుగురి భుజాల మీద పడితే ఒక్కడి నిద్ర పోదు, బండి కిస్తీ కోసం ఊళ్ళు పట్టుకు తిరగనక్కరలేదు. ఒకరికి అరటి, ఒకరికి వరి, ఒకరికి శనగ ఉంటే మినీ ట్రాక్టరు ఒకటి, పెద్దది ఒకటి కలిపి కొనుక్కోవచ్చు.

దానిలోనూ చిక్కుంది. వాన పడ్డ మూడో రోజున అయిదుగురి రేగడీ ఒకేసారి పదునుకు వస్తుంది, బండి ఒక్కటే. ఎద్దుల కాలంలో బదులుకు పోయిన ఊళ్ళు ఈ ముడి ఎలా విప్పుకున్నాయో ముసలివాళ్ళను అడిగితే చెబుతారు: మిట్ట మీది చేను ముందు ఆరుతుంది, అక్కడ మొదలుపెట్టాలి, మగదిక్కు లేని ఇంటి చేను రెండోది, బండి తాళం ఎవరింట్లో ఉంటుందో వాళ్ళ చేను చివరిది. బృందం కాగితాల్లో వాటాల శాతాలు రాసుకునే రోజునే ఈ వరస కూడా రాసుకుంటే, మొదటి వానకు తగువు రాదు.